సుర్మా పెట్టిన కళ్ళు

మొన్న మా మనవరాలు పైలట్ శిక్షణ కోసం వైద్యపరీక్ష చేయించుకొని వచ్చి, కళ్ళు రెండూ యంత్రమే చూసేసింది, డాక్టరు తలెత్తి నా మొహమైనా చూడలేదని నవ్వుతూ చెబుతుంటే, నేను మాత్రం నవ్వలేకపోయాను. ఇన్నేళ్ళుగా లోపల రగులుతున్న ఒక డాక్టరు మొహం కళ్ళముందుకొచ్చింది.

మాది ఆలూరులో పరుపులు కుట్టే కుటుంబం. ఎవరు దూరం పోయినా, ఆడామగా తేడా లేకుండా, కళ్ళకు సుర్మా, అంటే నల్లరాయి నూరిన కాటుక పొడి, పెట్టి పంపడం మా ఇంటి ఆనవాయితీ. వైమానిక దళంలో పైలట్ కావడానికి అన్నీ నెగ్గి, చివరిదైన వైద్యపరీక్షకు బయలుదేరుతుంటే మా జేజి, అంటే నాయనమ్మ, గడపలో ఆపి, "శానా మంది కండ్లు పడతాయప్పా, ఆ పొద్దు మర్చిపోకుండా పెట్టుకో" అని తాను నూరిన సుర్మా పొట్లం కట్టిచ్చి, ఒట్టు కూడా వేయించుకుంది. పరీక్ష రోజు మాట తప్పలేక పెట్టుకున్నాను. కళ్ళు ఎర్రబడి, నీళ్ళు కారి, గోడమీది అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ డాక్టరు అందరి ముందూ నా గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పి, కాటుక పెట్టుకొచ్చేవాడికి విమానమెందుకు, పెళ్ళిచూపులకు పొమ్మన్నాడు. రేపొక్కసారి చూడండని ఎంత బతిమాలినా వినకుండా పనికిరాడని రాసేశాడు. ఆ తర్వాత నాకు దళంలో చేరే వయసు దాటిపోయింది. తన వల్లే అంతా చెడిందని జేజి పోయేదాకా ఏడ్చింది. నా సంగతి సరే, ఆమె ఏడుపుకు మాత్రం ఆయన్ని ఈ రోజుకీ క్షమించలేదు.

సివిల్ లైసెన్సుకు అవే కళ్ళు ఏ వంకా లేకుండా నెగ్గాయి. ఏళ్ళపాటు ప్రయాణికుల విమానాలు నడిపి, చివరికి సిమ్యులేటర్‌లో, అంటే నేలమీదే ఊగే ఉత్తుత్తి విమానంలో, పైలట్లను పరీక్షించే కుర్చీలో కూర్చున్నాను. ఒకరోజు ఆ డాక్టరు కొడుకే పరీక్షకు వచ్చాడు. ఇంటిపేరు చూసి, తండ్రి ఎవరో అడిగి ఖాయం చేసుకున్నాక, నా వేళ్ళు ఎంత సంబరంగా మీటలు నొక్కాయో చెప్పలేను. ఇంజనుకు నిప్పు పెట్టాను, వాన కురిపించాను, అడ్డగాలి వీయించాను, అన్నీ నియమాల్లో ఉన్నవే. కుర్రవాడు రన్‌వే తప్పి, చెమట తుడుచుకుంటూ ఇంకొక్క అవకాశం ఇవ్వమన్నాడు.

ఇచ్చాను, జాలితో కాదు. తాను ఇవ్వనిది నేనిచ్చానని వాళ్ళ నాన్న కుమిలిపోవాలని ఇచ్చాను. ఈసారి చక్కగా దించాడు. "మీ నాయనకు చెప్పప్పా, సుర్మా పెట్టుకొచ్చిన ఆలూరు పిల్లోడు నీకు రెండోసారి ఇచ్చినాడని" అన్నాను. బయటికెళ్ళి ఫోన్ చేసి వచ్చి, నాన్నకు మీరు గుర్తు రావడం లేదండీ అన్నాడు, పాపం మర్యాదగానే.

ఆ మంట ఇంకా ఆరలేదు. ఇప్పటి యంత్రాలకు వెటకారం తెలియదు, ఎవరి జేజినీ ఏడిపించవు, మంచిదే. మొన్న సాయంత్రం జేజి సుర్మా బరిణె తీస్తే, "పరీక్ష అయిపాయ గదా తాతా, ఇప్పుడెందుకు?" అంది మనవరాలు. అయినందుకేనని చెప్పి, నెగ్గి వచ్చిన ఆ కళ్ళకు దట్టంగా పెట్టాను. ఆ డాక్టరు ఎక్కడున్నాడో గానీ, ఒక్కసారి వచ్చి చూసిపోతే బాగుండును.