తిండిలోకి రాని పల్లికాయ

లావుగా ఉన్నవాడికి నోరు అదుపులో ఉండదని తేలిగ్గా అనేస్తారు. అనేవాళ్ళందరూ కడుపు నిండా తినే అంటారు. ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కరువు ఏట గంజి కోసం చిప్ప పట్టుకుని వరుసలో నిలబడ్డ పిల్లవాణ్ణి నేను. బడి మొహం చూడలేదు. గోనెసంచుల మీది రాతలు, పొట్లం కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఆకలి సంగతి నాకు ఒకరు చెప్పాలా?

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే రైతుల జేబుల్లోకి వస్తున్న రోజులు. నేను వనపర్తి మార్కెట్ యార్డులో దడువాయిని. అంటే రైతులు తెచ్చిన సరుకును కాంటా మీద తూచేవాణ్ణి. నా తూకం నూట నలభై కిలోలు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆగిపోయేది. ఏడాదిగా కుర్చీలోనే కునుకు. చివరికి హైదరాబాదులో డాక్టరు కడుపు చిన్నది చేసే ఆపరేషన్ ఒక్కటే దారి అన్నాడు. దానికీ ఒక మెలిక పెట్టాడు.

"మీ కాలేయం కొవ్వు పట్టి ఉబ్బి ఉంది. అది అడ్డముంటే నేను కత్తి పెట్టలేను. పదిహేను రోజులు పలచటివే తాగాలి, ఏదీ నమలకూడదు. ఎనిమిది కిలోలు తగ్గి రండి, చేస్తాను. లేకపోతే చెయ్యను."

ఏం తినకూడదో ఒక కాగితం ఇచ్చారు, ఇంగ్లీషులో. కాంపౌండర్‌తో చదివించుకున్నాను. అన్నం, రొట్టె, మిఠాయి, నూనె వస్తువులు.

మజ్జిగ తేట, పప్పు మీది కట్టు, వాళ్ళిచ్చిన పొడి కలిపిన నీళ్ళు. నాలుగు రోజులు అవే తాగాను. అయిదో రోజు పక్కింట్లో జొన్నరొట్టె కాలుతున్న వాసనకు లేచి వెళ్ళి మా వంటింటి గోడకు నుదురు ఆనించి నిలబడ్డాను. ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గే. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి ముంచి, పిడికెడు తీసి వాసన చూస్తూ ఏడ్చాను. నా భార్య చూసింది.

"ఏందయ్యా గిది? జర ఓర్సుకోరాదు?"

"ఓర్సుకుంటున్ననే! గింతకంటె ఎట్ల ఓర్సుకోవాలె?" అని అరిచాను.

ఆమె ఆ రోజునుంచి ఇంట్లో నా పప్పు కట్టుకు తప్ప పొయ్యి వెలిగించడం మానేసింది. ఎక్కడ తినేదో, తినేదో లేదో నేను అడగలేదు.

ఇల్లు భరించలేక యార్డుకే పోయేవాణ్ణి. యాసంగి పంట పల్లికాయ రాశులు రాశులుగా దిగుతున్న కాలం. మా యార్డులో ఒక రివాజు ఉంది. కుప్ప దగ్గరికి వెళ్ళినవాడు నాలుగు కాయలు చిట్లించి, గింజ నోట్లో వేసుకుని తల ఊపాలి. వేసుకోకుండా దాటిపోయాడా, ఆ సరుకులో ఏదో తేడా ఉందని చుట్టూ ఉన్నవాళ్ళు అనుకుంటారు. రైతు ముఖం వాడిపోతుంది. "జర గింజ సూడు సాబ్" అని ప్రతివాడూ దోసిట్లో పోస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పని నా వేళ్ళే చేసుకుపోతున్నాయి. దాన్ని తిండి అని నేనెన్నడూ అనుకోలేదు. కాంటా రాళ్ళు ఎత్తడం లాగా అదీ పనే.

పదమూడో రోజు బస్తాల కాంటా ఎక్కాను. రెండే కిలోలు తగ్గాను. మళ్ళీ దిగి ఎక్కాను. అంతే.

హమాలీ ఒకడు నవ్వాడు. "సాబ్, లాగుకు అంగికి జర తరుగు తీసుకోరాదు!"

"నోర్ముయ్ రా! పదమూడు దినాలాయె మెతుకు ముట్టక. ఆ డాక్టరు దొంగ, ఆ పొడి దొంగది!"

రాలిన కాయలు ఊడ్చుకునే ముసలమ్మ చీపురు ఆపింది. "డాక్టరును ఎందుకు తిడ్తవ్ కొడుకా? నువ్వు నిలబడ్డకాడ పొట్టు దినాం తట్టెడు ఎత్తుతున్న నేను."

"అది నా పని అవ్వా! గింజ సూడొద్దా?"

"సూడు. సూసి ఉమ్మెయ్యి మరి. మింగుతున్నవు గద!"

తల వంచి చూశాను. నా కాళ్ళ చుట్టూ పొట్టు. నా నోట్లో అప్పటికి ఇంకా గింజ ఉంది. ఉమ్మాలనుకున్నాను. ఉమ్మలేక మింగాను. ఆ క్షణం నా మీద నాకు కలిగినంత అసహ్యం మరెవ్వరి మీదా కలగలేదు.

మిగిలిన రెండు రోజులు ఉత్త నీళ్ళ మీద ఉన్నాను. హైదరాబాదు కాంటా మీద మూడు కిలోలు తగ్గినట్టు తేలింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. నేను పల్లికాయల సంగతి దాచలేదు. కానీ కాగితం ఆయన బల్ల మీద కొట్టి అడిగాను: "ఇందులో పల్లికాయ ఎక్కడుంది చూపించండి! మా పని ఏందో, దినమంతా ఎక్కడుంటమో ఒక్కరన్న అడిగిండ్రా?"

ఆయన కాగితం తిరగేసి చూశాడు. "లేదు. అడగాల్సింది" అన్నాడు. "మళ్ళీ పదిహేను రోజులు చేయగలరా?"

చేయలేనని చెప్పడానికి నోరు తెరిచాను. కుర్చీలో కునుకు గుర్తొచ్చి మూసుకున్నాను.

ఈసారి యార్డు మొహం చూడలేదు. పగలంతా బయటినుంచి గొళ్ళెం పెట్టమని నా భార్యకు చెప్పాను. నన్నలా లోపల పెట్టి పోతూ ఆమె తలుపవతల ఏడ్చేది, యివతల నేను. ఖాళీగా ఉన్న వేళ్ళు ఊరికే కదిలేవి, లేని కాయను చిట్లిస్తూ. వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. దేవుణ్ణి తిట్టాను, డాక్టర్ను తిట్టాను, పంట బాగా పండించిన రైతుల్ని కూడా తిట్టాను.

పదహారో నాడు డాక్టరు తూకం ఎనిమిది కిలోలు తగ్గిందని తేల్చుకుని, స్కానింగు చూసి, "రేపు పొద్దున చేద్దాం" అన్నాడు. సంతోషం రాలేదు. ఒకటే అడిగాను.

"ఆపరేషన్ అయితే ఈ ఆకలి పోతుందా సార్?"

"కడుపుది తగ్గుతుంది. మిగతాది నేను చెప్పలేను" అన్నాడు.

ఆ నెల రోజుల్లో యార్డు అవ్వ తర్వాత నాతో ఉన్నమాట చెప్పింది ఆయనే. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాను.