నర్సమ్మగారు అడగలేకపోయిన మాట

చోడవరం ఆసుపత్రి నర్సమ్మగారు పోయారని మా నాన్న కార్డు రాశారు. మూడు రోజుల జ్వరమట. కార్డు నాకు అందేసరికి సమాధి కూడా చేసేశారు. మద్రాసులో డ్యూటీ దిగి, యూనిఫారం మార్చకుండానే ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చదివాను.

ఆవిడ మీలో చాలామందికి తెలియదు. బుచ్చయ్యపేట, రోలుగుంట వైపు తల్లుల్ని అడిగితే చెబుతారు. పసివాడి పొట్ట చూడాలంటే ముందు అరచేతులు రుద్దుకునేవారు. "సల్లటి సెయ్యి తగిలితే గుంటడు బెదిరిపోతాడు" అనేవారు. సెలవుల్లో నేను ఆవిడ వెనకే తిరిగేదాన్ని. కట్టు కట్టడం అక్కడే నేర్చుకున్నాను.

కర్నూలు రాజధాని అయిన ఏడు నా ఇంటరు పూర్తయింది. నర్సునవుతానన్నాను. విశాఖపట్నంలో డిప్లొమా ఉంది, చేతిపని నేర్పి త్వరగా పంపేస్తారు. మద్రాసులో అయితే నాలుగేళ్ళ డిగ్రీ. డిప్లొమాయే చాలన్నారు నాన్న. నాకూ అదే సబబనిపించింది. నర్సమ్మగారు చదివిందీ అదే కదా!

ఆ సంగతి చెబితే ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. కానీ ఆ సాయంత్రం నడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు. నాన్న అప్పుడే చెరకుతోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు.

"బాబూ, గుంటని డిగ్రీకి పంపండి."

"మద్రాసులో నాలుగేళ్ళా! పని నేర్సుకోడానికి అంత సదువెందుకమ్మా? మీరు సెయ్యట్లేదేటి?"

ఆవిడ అరుగు మీద కూర్చున్నారు.

"పని నాకొచ్చు బాబూ. మునుపు వేరే ఊళ్ళో సేసినప్పుడు, డాక్టరుగారు ఒక గుంటడికి మందు రాసేరు. ఎక్కువనిపించి అడగబోయేను. 'నువ్వేటి సదివేవు?' అన్నారు. మరి నోరెత్తలేదు. నా సేత్తోనే తాగించేను. మర్నాటికి గుంటడు లేడు. మందువల్లే పోయేడో, జబ్బువల్లే పోయేడో ఈ రోజుకీ నాకు తెలీదు. తెలుసుకునేపాటి సదువు నాకు లేదు."

నాన్న చెంబు పక్కన పెట్టి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. అడిగారు:

"మద్రాసు రైలు అనకాపల్లిలోనే ఎక్కొచ్చామ్మా?"

కిందటి వేసవిలో ఊరెళ్ళినప్పుడు ఆసుపత్రిలో ఆవిడకో సంగతి చెప్పాను. మద్రాసులో మా వార్డులో ఒక డాక్టరుగారు పొరపాటున మందు రెట్టింపు మోతాదులో రాశారు. ఎందుకంత అని అడిగాను. చూసుకుని దిద్దారు.

"కోప్పడలేదేటి?"

"లేదండి. మంచిపని చేశావన్నారు."

ఆవిడ చేతిలోని కట్టుగుడ్డ పక్కన పెట్టారు.

"మళ్ళీ సెప్పు."

మొదటినుంచీ చెప్పాను. అడిగింది నేనే గానీ, అడిగే ధైర్యం నాకు రావాలని మా అరుగుదాకా నడిచి వచ్చింది ఆవిడ. ఆ మాట మాత్రం ఆవిడతో అనలేకపోయాను.

ఇంతలో వరండాలోంచి ఎవరో తల్లి పిలిచింది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని లేచి వెళ్ళారు. పసిపిల్లని అందుకుని భుజానికి ఆనించుకున్నారు. పిల్ల ఏడుపు ఆపేసింది. అయినా దించకుండా, వీపు నిమురుతూ అక్కడే నిలబడిపోయారు.