చుక్కకు ఇవతలివాళ్లు

నా చిన్నప్పుడు అంకెలు నన్ను ఏడిపించినంతగా మనుషులెవరూ ఏడిపించలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా కిరాయి ఇల్లు. నాకు పదేళ్లు. ఆబిడ్స్‌లోని ఆడపిల్లల బడిలో ఐదో తరగతిలో చేరాలంటే పరీక్ష రాయాలి. పెద్ద పెద్ద దశాంశ సంఖ్యలు ఇచ్చి, అప్పట్లో మా బళ్లలో చదువంతా ఉర్దూలోనే కాబట్టి, వాటిని ఉర్దూ మాటల్లో రాయమనేవారు. ఈసారి తప్పితే బడి మాట మరిచిపోయి పొయ్యి చూసుకోమని మా నాయన తేల్చి చెప్పాడు.

ఉర్దూ రాకపోవడం కాదు నా చిక్కు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. అదే ఉర్దూలో అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. ఒకే పలక మీద రెండు దారులు పెడితే పసిపిల్ల ఏమైపోవాలి? కుడివైపు మొదలుపెట్టడం అలవాటైన నా చెయ్యి సంఖ్యను కూడా ఆ చివర నుంచే అందుకునేది. 40,305.062 ఇస్తే నేను రెండు వందల అరవై అని మొదలుపెట్టేదాన్ని.

మా నాయన దఫ్తరులో గుమాస్తా. రోజంతా అక్కడ కాగితాలతో విసిగి వచ్చి, సాయంత్రం నా పలక చూసి తల బాదుకునేవాడు. "నలభై వేలను రెండు వందల అరవై జేసినవ్. మిగిలినయన్ని ఏడ వోయినయే?" అనేవాడు. ఏమో, నాకేం తెలుసు? వారం రోజులు ఇదే వరస. పరీక్షకు ముందురోజు ఆయన పలక పక్కన పడేసి, దీనికి చెప్పడం నా వల్ల కాదని లేచిపోయాడు.

అప్పుడు మా మేనత్త వంటింట్లోంచి వచ్చింది. నాయన అక్క ఆమె. భర్త పోయాక మా దగ్గరే ఉండేది. నోరు మంచిదే గానీ ఓపిక తక్కువ. పలక వైపు చూడనైనా చూడకుండా, అందరినీ అన్నానికి పిలువుపో అంది. ఈ బాధలో అన్నమేమిటని గొణుక్కుంటూనే పిలిచాను. తాతా, నాయనా, కాకా అని పెద్దవాళ్లను వరుస పెట్టి పిలిచాను. పిల్లలను ఉట్టి పేర్లతో పిలిచాను.

పెద్దవాళ్లు గడపకు అవతల, పిల్లలు ఇవతల కూర్చున్నారు. అత్త గడప మీద సుద్దముక్కతో చుక్క పెట్టింది. తాతను ముందు ఎందుకు పిలిచావని అడిగింది. పెద్దవాడు కాబట్టి అన్నాను. "గీ సంఖ్యల నాలుగు గూడ తాతనే. నువ్వు ఏ చేత్తోటి రాస్తవో ఆయనకెందుకు? పెద్దోడు ఏడుంటే ఆడికెళ్లి మొదలుపెట్టు. చుక్కకు అవతలోళ్లకు వేలు, వందలు అని వరుస గట్టు. ఇవతల పిల్లగాండ్లు. వాళ్లకు వరుసేంది, పేరు వెట్టి పిలిస్తే చాలు."

ఇంతేనా అనిపించింది. నలభై వేల మూడు వందల ఐదు, చుక్క, ఆరు, రెండు అని గబగబా చెప్పేశాను. అత్త తలుపు చాటుకు వేలు చూపించింది. మూడేళ్ల మా తమ్ముడు, ఎప్పుడూ నోరు మెదపనివాడు, తన పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడిని నేను పిలవనే లేదు. సున్న, ఆరు, రెండు అని దిద్దుకున్నాను. 

మర్నాడు బోర్డు మీద 7,08,040.105 రాశారు. చెయ్యి కుడి చివరకే ఉరికింది. దాన్ని తిట్టుకుని ఏడును వెతికి పట్టుకున్నాను. ఏడు లక్షల ఎనిమిది వేల నలభై. చుక్క ఇవతల ఒకటి, సున్న, ఐదు. నన్ను చేర్చుకున్నారు.

ఇంటికి రాగానే నాయన నా తల నిమిరాడు. నేను అత్త దగ్గరకు పరుగెత్తి, ఇంత బాగా చెప్పగలిగినదానివి నువ్వెందుకు చదువుకోలేదని అడిగేశాను. నాలుగో తరగతి దాకా చదివిందట. రొట్టె కాలుస్తూ, నా వైపు తిరగకుండానే అంది. "పై సదువుకు ముందుగాల తమ్ముళ్లను పిలిచిన్రు బిడ్డా. నన్ను ఎవ్వరు పిలువలే. నేను ఇంట్లనే ఉంటి."

నేను ఆమె పక్కన కూర్చుని పిండి ముద్దలు చేసి ఇచ్చాను.

తర్వాత ముప్పై ఏళ్లు నేనూ లెక్కల పంతులమ్మగా పనిచేశాను. చుక్క తర్వాతి అంకెలను ఇవాళ ఎవరైనా నూట ఐదు అని చదివితే నాకు చిరాకెత్తుతుంది, అక్కడికక్కడే దిద్దుతాను. ముసలిదానికి చాదస్తమని మా వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. తరగతిలో వెనక బెంచీ మీద నోరెత్తని ఆడపిల్ల కనిపించినప్పుడల్లా, ఎంత పని ఉన్నా ఆపి, పేరు పెట్టి పిలిచి బోర్డు దగ్గరకు రమ్మనేదాన్ని. ఆ పిల్ల లేచి వస్తుంటే ప్రతిసారీ మా అత్తే నడిచి వస్తున్నట్టు ఉండేది.