హలీనా మేడమ్‌కు రెండు శాలువాలు

ఎవరికో ఒకరికి శాలువా కప్పకపోతే మన తెలుగువాళ్లకు ముద్ద దిగదు. చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉన్నా అంతే. ఆ పిచ్చి ఒక తల్లినీ కూతురినీ ఎంత దూరం చేసిందో కళ్లారా చూశాను కాబట్టే ఇంత కచ్చగా చెబుతున్నాను.

హలీనా మేడమ్‌ది పోలండ్‌లోని క్రాకోవ్. అక్కడ సంగీత కాలేజీలో పియానో పాఠాలు చెబుతూ, కచేరీలు చేస్తూ పేరు తెచ్చుకున్న మనిషి. భర్త పోయాడు. 1978లో కచేరీల కోసం అమెరికా వచ్చి ఇక్కడే ఉండిపోయింది. అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన కూతురు మాగ్దాను తెచ్చుకుందామంటే, అక్కడి సర్కారు పిల్లకు పాస్‌పోర్ట్ ఇవ్వలేదు. చికాగోలో పోలండ్ వాళ్ల పేటలో ఉంటూ అక్కడి పిల్లలకు పియానో నేర్పేది. శనివారాలు రైలెక్కి మా ఊరొచ్చి మా అమ్మాయి రూతుకూ, మరికొందరు తెలుగు పిల్లలకూ చెప్పేది. స్టేషన్ నుంచి తీసుకొచ్చేది నేనే.

పాఠమంటే పాఠమే. పిల్ల చేతి మీద రబ్బరు ముక్క పెట్టి వాయించమనేది. అది కింద పడిందా, "మళ్ళీ" అనేది. నేను వంటింట్లోంచి "అబ్బ, ఎంత బాగా వాయించావే!" అన్నానో, అయిపోయిందే నా పని. "మిసెస్ వసంతా, మెచ్చుకోవడం నా పని. అదీ ఇవాళ కాదు" అని తలుపు వేసేసేది. నాకు ఒళ్లు మండేది. కానీ రూతు వాయింపు వింటే ఆ కోపం కాస్తా దిగిపోయేది.

1981 డిసెంబర్‌లో పోలండ్‌లో సైనిక పాలన వచ్చిపడింది. ఫోన్లు తెగిపోయాయి. మాగ్దా యూనివర్సిటీ సమ్మెలో ఉంది. బయట ఉందో జైల్లో ఉందో తెలియదు. ఫిబ్రవరిలో ఒక శనివారం మేడమ్ నా కార్‌లో కూర్చుని, చేతులు నలుపుకుంటూ చెప్పింది.

"మా సర్కారు మనిషి ఒకడు వచ్చాడు. వచ్చే ఆదివారం వాళ్ల సభలో వాయిస్తే మాగ్దాకు పాస్‌పోర్ట్ ఇప్పిస్తాడట. లేదంటే ఆశ వదులుకోమన్నాడు."

"అయితే వాయించండి మేడమ్! ఆలోచన ఎందుకు?"

"ఆ మిలిటరీ సర్కారుకు వాయించానని మా పేటలో తెలిస్తే ద్రోహి అంటారు. మాగ్దా కూడా అంటుంది. అందుకే పేరు, ఫోటో ఎక్కడా రాకూడదని మాట తీసుకున్నాను. వెనక తలుపు నుంచి వెళ్లి అలాగే వచ్చేస్తాను. మీరు డ్రైవ్ చేస్తారా?"

వెళ్లాం. హాలు ముందు మంచులో పోలండ్ వాళ్లు ఆ సర్కారుకు నిరసనగా కొవ్వొత్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మేడమ్ స్కార్ఫ్ ముక్కు దాకా లాక్కుంది. లోపలికెళ్లి చూద్దును గదా, ముందు వరుసలో మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ శ్యామ్‌సుందర్ గారు, ఒళ్లో ఒక ప్యాకెట్! మా పిల్లల నోట కబురు ఆయనదాకా పోయిందట. గబగబా ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఏమండీ, ఏమిటా ప్యాకెట్?"

"శాలువా, పూలదండ. మన పిల్లల గురువు కదండీ! సర్‌ప్రైజ్ చేద్దామని."

"మీకు దణ్ణం పెడతాను, వద్దు. ఆవిడ రహస్యంగా వచ్చింది."

"మీరు మరీనండీ. సన్మానం చేస్తామంటే ఎవరైనా వద్దంటారా?"

మేడమ్ వాయించింది. ఏం వాయించిందో నేను వినలేదు, నా ప్రాణమంతా ఆ ప్యాకెట్ మీదే. చప్పట్లు మొదలయ్యాయో లేదో ఆయన లేచారు. కోటు పట్టుకుని లాగాను. విదిలించుకుని మెట్లెక్కేశారు. దండ పడింది, శాలువా పడింది. ఆ సర్కారు మనిషి నవ్వుతూ పక్కన చేరి మేడమ్ చెయ్యి పట్టుకున్నాడు. కెమెరాలు వెలిగాయి. మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ ఫోటో ఇక్కడి పోలండ్ వాళ్ల పేపర్లోనూ, అక్కడి సర్కారు పేపర్లోనూ పడింది. పేటలో ఒక్క పిల్ల కూడా పాఠానికి రాలేదు. రొట్టెల కొట్టావిడ మొహం తిప్పుకుంది. మేమే మేడమ్‌ను తీసుకొచ్చి మా బేస్‌మెంట్‌లో ఉంచుకున్నాం. శ్యామ్‌సుందర్ గారిని నేను తిట్టని తిట్టు లేదు. "మంచికే చేశానండీ" అని గొణిగారు పాపం.

పాస్‌పోర్ట్ మాత్రం వచ్చింది. 1983లో మాగ్దా దిగింది. ఎయిర్‌పోర్ట్‌లో మేడమ్ చేతులు చాస్తే ఆ పిల్ల కదల్లేదు. బ్యాగ్‌లోంచి ఆ ఫోటో తీసి తల్లి మొహం ముందు పెట్టింది. వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు. ఏమిటని తర్వాత అడిగితే మేడమ్ చెప్పింది.

"నీ కోసమే వాయించానన్నాను. నేను అడిగానా అంది."

మాగ్దా మిల్వాకీలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. ఫోన్ కూడా చేసేది కాదు. మేడమ్ మళ్లీ ఏ స్టేజీ ఎక్కలేదు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ మా కింది గదిలోనే ఉండిపోయింది.

1987లో హైస్కూల్ అయిపోతూ రూతు స్కూల్ హాల్లో వాయించింది. మధ్యలో నేను వెనక్కి తిరిగి చూస్తే చివరి వరుసలో మాగ్దా! దిగి వచ్చిన రూతును పట్టుకుని అడిగాను.

"నేనే కాల్ చేశాను మమ్మీ. టీచర్ ఆ డే నుంచి స్టేజ్ మీద వాయించలేదు అని చెప్పాను. షీ డిడ్‌న్ట్ నో."

పిల్లలంతా మేడమ్‌ను స్టేజీ మీదికి లాక్కెళ్లారు. అప్పుడు లేచారండీ శ్యామ్‌సుందర్ గారు, చేతిలో శాలువాతో! మేడమ్ రెండడుగులు వెనక్కి వేసింది. నేను పరుగెత్తాను. నాకంటే ముందే మాగ్దా వచ్చి ఆయన చేతిలోంచి శాలువా లాక్కుంది. విసిరి కొడుతుందనుకున్నాను. మెట్లెక్కి, మడతలు విప్పి, తల్లి భుజాల చుట్టూ కప్పింది.

శ్యామ్‌సుందర్ గారు మెడలోని కెమెరా ఎత్తబోయి, నా వైపు చూసి దించేశారు.

"ఫోటో తియ్యండి," అంది మాగ్దా, తల్లి చెయ్యి పట్టుకుని.