ఉప్పునీళ్లలో పెట్టిన ముక్క

నా డైరీల్లో ఒక పేజీని ఆరేళ్లుగా మోస్తున్నాను. ఆ రోజు చేతిరాత చాలా కుదురుగా ఉంది. రాసింది మాత్రం అబద్ధం. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక చెప్పగలుగుతున్నాను.

టెక్కలిలో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. తప్పు చేయని మనిషినని పేరు. గడ్డల నుంచి కోసిన ముక్కలను విశాఖపట్నం పంపేవాణ్ణి. అక్కడొక డాక్టరమ్మ లింఫోమా అనే క్యాన్సర్ గడ్డలకు పటాలు తయారుచేస్తున్నారు. రోగంతో పోరాడే కణాలు గడ్డలో ఎక్కడ చేరాయి, ఎక్కడ అసలు లేవు అన్నది ఆ పటంలో తెలుస్తుంది. ఆ కణాలు ఉన్నవాళ్లకే కొత్త మందు ఇచ్చి చూసేవారు. ముక్కను తీసిన వెంటనే, అది చెడకుండా ఉంచే ఫార్మలిన్ అనే మందునీళ్లలో వేయాలి. ఆలస్యమైతే కణాల గుర్తులు చెరిగిపోతాయి.

భావనపాడు నుంచి ఒక మత్స్యకారుడు మెడ మీద గడ్డతో వచ్చాడు. ముక్క నా చేతికొచ్చాక చూస్తే ఫార్మలిన్ డబ్బా ఖాళీ. సగం ఉందని స్టాకు పుస్తకంలో రాసింది నేనే, డబ్బా ఎత్తి చూడకుండా. పలాస నుంచి కొత్తది మర్నాడు గానీ రాదు. మా ఆసుపత్రి డాక్టరుకు చెబితే నా పేరు పోతుంది. నేను పెరిగింది చేపలు ఎండబెట్టే చోట. ఉప్పు పట్టినది చెడదని చిన్నప్పటి నుంచి నమ్మకం. నౌపడ ఉప్పును నీళ్లలో కరిగించి ముక్కను అందులో వేశాను.

మెడకు కట్టుతో అతను గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏటి మావా, నన్ను ఎండుసేపని సేసీసినావేటి?"

"ఉప్పులో ఉంటే పాడవదులే."

"సేపకైతే సరిపోద్ది. దీనికీ సరిపోద్దేటి?"

"సరిపోద్ది. నువ్వెళ్లు."

నవ్వి వెళ్లిపోయాడు. మర్నాడు ముక్కను ఫార్మలిన్‌లోకి మార్చి, సీసా మీద ముందు రోజు మధ్యాహ్నం వేసినట్టు రాశాను. డైరీలోనూ అదే రాశాను. డైరీని ఎవరు చదువుతారని? నాకోసమే అబద్ధం రాసుకున్నానా?

కొన్నాళ్లకు డాక్టరమ్మ ఫోన్ చేశారు. ఆ గడ్డలో పోరాడే కణాల జాడే లేదట. ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేశారా అని అడిగారు. అనుమానముంటే చెప్పండి, మళ్లీ ముక్క తీయిస్తాం అన్నారు. నిజం చెప్పడానికి దారి తెరిచే ఉంచారు. వెంటనే వేశానన్నాను. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

కొత్త మందు అతనికి ఇవ్వలేదు. పాత మందులే వాడారు. వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి వెళ్లేనాటికి అతను లేడు.

నా వల్లే పోయాడా? ఆ మందు పనిచేసేదో లేదో తెలియదు. తెలియకుండా చేసింది నేను. ఆ పటం ఇంకా అక్కడే ఉండి, ఇంకెవరి గడ్డనో దాని పక్కన పెట్టి పోల్చి చూస్తుంటే? ఈ మధ్య పత్రికలో లింఫోమా అన్న మాట కనబడితే పేజీ తిప్పేస్తున్నాను.

ఈ ఉదయం డాక్టరమ్మకు ఉత్తరం పోస్టు చేశాను. అతని భార్య ఇప్పటికీ ఎండుచేపల గంపతో మా వీధికి వస్తుంది, నన్ను చూస్తే దండం పెడుతుంది. ఆమెకు చెప్పడానికి ఇంకా నోరు రాలేదు.

ఇంటికొచ్చి ఆ పాత పేజీ తీశాను. అబద్ధాన్ని కొట్టేయలేదు. దాని కింద రాశాను: ఫార్మలిన్ లేదు. ఉప్పునీళ్లలో పెట్టాను. అడిగినప్పుడు అబద్ధమాడాను.

పక్కన ఈ రోజు తేదీ వేశాను.