ఆపరేటరమ్మ గొంతు

నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఆ లోటు పూడ్చడానికి దేవుడు నోరు రెండింతలు ఇచ్చాడని మా అమ్మ అంటూంటుంది. ఎమ్మేలో సాహిత్యం తీసుకున్నాను. మా పాఠ్యపుస్తకాల్లో సగం వేలితో తడిమి చదువుకునేలా దొరకవు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి పెట్టాలి. ఆ పనికి కాలేజీవాళ్ళు అడిగితే వచ్చినావిడ ఆపరేటరమ్మ. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయింది కాబట్టి అందరూ అలాగే పిలిచేవాళ్ళు. అసలు పేరేమిటని ఏడాది పాటు ఒక్కసారి కూడా అడగలేదు, అదీ నా సంస్కారం.

రోజూ మధ్యాహ్నం మూడింటికి లైబ్రరీ వెనక గదిలోకి వచ్చేది. ఇనుప కుర్చీ ఈడ్చిన చప్పుడు, కళ్ళజోడు పెట్టె టప్పున తెరుచుకున్న చప్పుడు, ఆ వెంటనే చదువు. నిన్న ఎక్కడ ఆపామో నన్ను అడిగేది కాదు. సరిగ్గా ఆ వాక్యం నుంచే ఎత్తుకునేది.

ఆ చదవడంలో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. కథానాయకుడికి పెళ్ళయినా అదే గొంతు, వాడు పోయినా అదే గొంతు. అలాగని ఒక్క అక్షరం మింగేది కాదు. ముందుమాట చదివేది, అచ్చుతప్పుల పట్టిక చదివేది, పేజీ అడుగున సన్నక్షరాల్లో ఉన్న వివరణలూ చదివేది. "అవెందుకండీ, వదిలెయ్యండి" అంటే, "అచ్చు వేశారు కదా నాయనా" అనేది.

ఒకరోజు ఉండబట్టలేక, "కాస్త మనసు పెట్టి చదవొచ్చు కదండీ" అన్నాను. కోప్పడలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ పని టెలిగ్రాములు ఫోనులో చదివి వినిపించడమట. "ఒకళ్ళకి ఉద్యోగం వచ్చిందని చదవాలి, ఇంకొకళ్ళకి తండ్రి పోయాడని చదవాలి. వార్త వాళ్ళది నాయనా. మనం మధ్యలో తీగ. తీగ సొంతంగా ఏదీ కలపకూడదు" అంది. ముసలి చాదస్తం అనుకుని ఊరుకున్నాను. నవలల్లో ఎవరెవరి మనసులోనో ఏముందో పేజీలకు పేజీలు విశ్లేషించేవాణ్ణి, పక్కన కూర్చున్న మనిషి విప్పి చెప్పినా అర్థం చేసుకోలేకపోయాను.

మొదటి సంవత్సరం పరీక్షల్లో నేను చెబుతుంటే రాసిపెట్టడానికి కూడా ఆవిడే వచ్చింది. వ్యాసం ప్రశ్న 'మనిషికి నియమాల అవసరం'. నాకు పండగే. ప్రాణం మీదికి వచ్చినా నియమం తప్పనివాడే మనిషి అంటూ నాలుగు పేజీలు దంచాను. ఆవిడ కలం ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాతి ప్రశ్న ఒక పద్యం పూర్తిగా రాసి వివరించమని. మొదటి మాట గుర్తు రాలేదు. అది అందితే చాలు, మిగతాది దానంతటదే వచ్చేస్తుంది. ఆ పద్యం నాకు పదిసార్లయినా చదివి వినిపించింది ఆవిడే. కాపలా ఉన్న మాస్టారు గుమ్మం దగ్గర ఎవరితోనో కబుర్లలో ఉన్నారు.

"ఎలా మొదలవుతుందండీ? ఒక్క మాట" అని గొణిగాను.

ఆవిడ కలం మళ్ళీ కాగితం మీద ఆనించిన చప్పుడైంది.

"నువ్వు చెప్పు నాయనా. నేను రాస్తాను" అంది, అదే గొంతుతో.

నాలుగు పేజీలు నీతి చెప్పి ఐదో పేజీలో దొంగతనానికి పిలిచినవాణ్ణి నేను. సిగ్గుపడాల్సింది పోయి, ఫస్టు క్లాసు మూడు మార్కుల్లో తప్పిపోయేసరికి ఆవిడ మీద పళ్ళు నూరాను. నా మతిమరుపుకి ఆవిడ ఏం చేస్తుంది? కానీ ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఊరికే పుట్టలేదు. హెడ్డుగారి గదికి వెళ్ళి, "ఆవిడ చదివితే నవల కూడా రైల్వే టైంటేబుల్‌లా ఉంటుంది సార్. మనిషికి మనసనేది ఉంటే కదా" అన్నాను. ఆయన ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఆవిడకి చెప్పేశారని తర్వాత తెలిసింది.

మర్నాడు సగం అయిన నవల నా చేతిలో పెట్టింది. "యాభై రెండో పేజీ, కిందనుంచి మూడో లైను. కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పు" అని వెళ్ళిపోయింది. కనీసం కుర్చీలోంచి లేచి నిలబడలేదు నేను.

ఆవిడ స్థానంలో నాటకాలాయన వచ్చాడు. కాలేజీ ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు నాటకాలు వేస్తాడు. ఆడ గొంతు, మగ గొంతు, దగ్గు, వెక్కిళ్ళు అన్నీ పలికించేవాడు. నేను పడీపడీ నవ్వాను, రెండుసార్లు ఏడ్చాను కూడా. చదువంటే ఇదీ అనుకున్నాను.

ఆఖరి సంవత్సరం మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన, ఆపరేటరమ్మ నా చేతిలో పెట్టి వెళ్ళిన నవల్లో తల్లి రాసిన ఉత్తరం గురించి చెప్పమన్నారు. "ఆ నవల్లో ఉత్తరమే లేదండీ" అన్నాను, గుండెల మీద చెయ్యి వేసుకుని. గదిలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఆయన జాలిగా, "పదకొండు పేజీలుంది బాబూ. కథంతా దాని మీదే నిలబడింది" అన్నారు. బయటికి వచ్చి నాటకాలాయన్ని నిలదీశాను. "సోది బాబూ, పలికించడానికి అందులో ఏమీ లేదు. నీకు విసుగని దాటేశాను" అన్నాడు. ఇంకా ఎన్ని దాటేశాడో లెక్క లేదు. ఏ పుస్తకం నేను నిజంగా చదివానో ఇప్పటికీ నాకు తెలియదు, ఆపరేటరమ్మ చదివినవి తప్ప.

ఆవిడ ఇల్లు కాలేజీ వెనక వీధిలోనే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని తెలిసినా, క్షమాపణ చెప్పాలి, ఏడాది ఆలస్యంగానైనా ధన్యవాదాలు చెప్పాలి అని చేతికర్ర పట్టుకుని వెళ్ళాను. మెట్లెక్కుతుంటే లోపల ఎవరో వెక్కుతూ, గొంతు పెంచుతూ తగ్గిస్తూ చదువుతున్నారు. ఇల్లు తప్పాననుకున్నాను. కర్ర చప్పుడుకి చదువు ఆగింది.

"నువ్వా నాయనా, రా, కూర్చో" అంది ఆపరేటరమ్మ. పక్కన మా కాలేజీలోనే చేరిన అమ్మాయి ఉందనీ, నాలాగే చూపు లేని పిల్లనీ తనే చెప్పింది.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది. "నీకే చెప్పాలనుకుంటున్నా. ఇన్నేళ్ళూ రాయిలా చదివాను, ఒక్కళ్ళూ చెప్పలేదు. నువ్వు చెప్పావు. ఇంట్లో అద్దం ముందు కూర్చుని నేర్చుకున్నాను. మొన్న పరీక్షలో ఈ పిల్లకి ఒక మాట ఆగిపోతే అందించేశాను కూడా. అప్పుడు నిన్ను అలా నోరు మూసుకుని వదిలేశాను కదా, అదే గుర్తొచ్చింది. నీ మేలు మర్చిపోలేను నాయనా."

"కాదండీ, అప్పుడు మీరు చేసిందే సరైంది. నాది తప్పు. మీరు చదివినట్టు ఇంకెవరూ చదవలేదు. అలాగే చదవండి, దయచేసి" అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

ఆవిడ నా చెయ్యి తట్టింది. "పెద్దదాన్ని, బాధపడతానని అంటున్నావు. మంచివాడివి."

"నాకు ఇలాగే బాగుందండీ" అంది ఆ పిల్ల.

ఇంకో నాలుగు రకాలుగా చెప్పి చూశాను. ప్రతిదాన్నీ మర్యాదగానే తీసుకుంది. చివరికి లేచాను. మెట్లు దిగుతుంటే వెనకాల చదువు మళ్ళీ మొదలైంది. కథలో ఎవరో పోయినట్టున్నారు. ఆ పిల్లకి ఏడుపు వస్తుందో రాదో, ఆపరేటరమ్మ ముందే ఏడ్చేసింది. అలా చదవమన్నది నేనే.