పరకాల బస్సుకు ఇచ్చిన చిట్టీ

మొన్న వేసవిలో ఒక సాయంత్రం మా పెద్దక్క కూతురు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్ల నాన్న, అంటే మా బావ, ఒకప్పుడు హనుమకొండ సుబేదారిలో నడిపిన ట్యుటోరియల్ కాలేజీని ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్నెట్‌లోకి ఎక్కించి, పరీక్ష తప్పినవాళ్లకు ఫోన్లోనే పాఠాలు చెప్పిస్తోంది. దాని వెబ్‌సైట్‌కు తెలుగులో నాలుగు మంచి మాటలు రాసిపెట్టమని అడగడానికి వచ్చిందన్నమాట. పెళ్లిపత్రిక దగ్గర్నుంచి పెద్దకర్మ కార్డు దాకా మా ఇంట్లో ఎవరికి తెలుగు ముక్క కావలసి వచ్చినా అది నా మెడకే చుట్టుకుంటుంది. ప్రకటనలకు ఖర్చేమీ లేకుండా, మనకు కావలసిన జనమే వెతుక్కుంటూ ఎట్లా వస్తారో ఆ పిల్ల ఉత్సాహంగా విడమరిచి చెప్పింది. "రిజల్ట్స్ మనమే ఫ్రీగ చూపిస్తం మామా. చూసుకునేటప్పుడు పేరు, ఫోన్ నంబర్ తీసుకుంటం. ఫెయిలైనోళ్లు ఎవలో మనకు తెలిసిపోతది, వాళ్లకే మెసేజ్ పోతది. ఊరందరితోటి మనకేం పని?"

నేను లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. ఈ విద్య తన కాలంలోనే పుట్టిందని ఆ పిల్ల అనుకుంటోంది. డెబ్బైల చివర్లో, కంప్యూటర్ అన్న మాట వినని రోజుల్లో, వాళ్ల నాన్న ట్యుటోరియల్ అరుగు మీద కూర్చుని దాన్ని కనిపెట్టిన ప్రబుద్ధుణ్ణి నేనే. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే మిగతాదంతా చెప్పాలి. అందులో అసలు ముక్క ఇంతవరకు మా అక్కకు కూడా చెప్పలేదు.

మా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పదో తరగతి పరీక్షల ఫలితాలు అప్పుడు పేపర్లో నంబర్లుగా పడేవి. పేజీలకు పేజీలు చీమల బారుల్లాంటి అంకెలు. అందులో మన నంబరు ఉంటే బతికినట్టు, లేకపోతే లేనట్టు. అదే రోజు పేపరు అందే పల్లెలు తక్కువ కాబట్టి, పిల్లలు పొద్దున్నే బస్సెక్కి హనుమకొండకు వచ్చి, ఏ హోటల్లోనో ఎవరి చేతిలోనో ఉన్న పేపర్లోకి తొంగిచూసి, వాళ్లు విసుక్కుంటే పక్కకు జరిగి నిలబడేవాళ్లు. నేను అప్పటికి డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క, అక్క ఇంట్లో అక్క వండింది తింటూ, ఆ తిండికి తగిన పని ఏదైనా చేసి చూపించాలని ఉబలాటపడుతూ ఉండేవాణ్ణి.

ట్యుటోరియల్ పరిస్థితి అంతంత మాత్రం. బావ రిక్షాకు మైకు కట్టించి ఊరంతా తిప్పాడు, కరపత్రాలు పంచిపెట్టాడు. ఆ కరపత్రాలు బజార్లో పల్లీలు పొట్లం కట్టడానికి బాగా పనికొచ్చాయి. ఎవరికి పంచాం అని లెక్క తీస్తే ముసలివాళ్లు, పాలవాళ్లు, ఫస్టు క్లాసులో పాసైన పిల్లలు. బెంచీలు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. అప్పుడు నాకు తట్టింది: మనం జనం వెంట పరిగెత్తడం ఎందుకు, తప్పినవాళ్లే మన అరుగు దగ్గరికి వచ్చేటట్టు చేస్తే పోలా? ఫలితాలు వచ్చే రోజు పేపర్లు పది కాపీలు తెచ్చి, అరుగు మీద బల్ల వేసి, ఎవరు వచ్చినా ఉచితంగా నంబరు చూసిపెడతామని ఒక అట్టముక్క మీద రాసి వేలాడదీశాను. చూసే ముందు పేరు, తండ్రి పేరు, ఊరు ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఎందుకని ఒక్కరూ అడగలేదు. రాసుకునేవాడికి చెప్పడం మనకు అలవాటే కదా. నంబరు లేనివాళ్ల పేరు పక్కన ఎర్ర సిరాతో చిన్న చుక్క పెట్టేవాణ్ణి.

రెండో తెలివి ఇంకా గొప్పది. సాయంత్రం ఆ చుక్కల పేర్లన్నిటికీ ఒక్కొక్క చిట్టీ రాసి బస్టాండుకు వెళ్లేవాణ్ణి. మరిపెడ బస్సులో మరిపెడ వైపువి, పరకాల బస్సులో పరకాల వైపువి, ఆ ఊరికి పోయే మనిషి ఎవరో ఒకరి చేతిలో పెడితే చాలు, చిట్టీ ఇంటికి చేరేది. ఆ రోజుల్లో చేతిచిట్టీ కాదన్నవాణ్ణి నేను చూడలేదు. "మీవాడు పరీక్ష తప్పినందుకు దిగులు పడవద్దు. మా దగ్గర వసతి ఉంది. బియ్యం, పక్కబట్టలు ఇచ్చి వెంటనే పంపగలరు," అని గుండ్రటి అక్షరాలతో రాసేవాణ్ణి. కవరు లేదు, మడత పెట్టడమే. మొదటి ఏడాదే బెంచీలు నిండి, రెండు గదుల మధ్య తడిక తీసేయవలసి వచ్చింది. బావ నా వీపు తట్టి, బామ్మర్ది బుర్ర బంగారమని నలుగురిలో అన్నాడు. అక్క ఆ రాత్రి నాకు మారు వడ్డించింది. అన్నం పెట్టే ఇంట్లో మెప్పు దొరికితే మనిషికి ఒళ్లు తెలియదు, నాకూ తెలియలేదు.

రెండో ఏడాది ఫలితాలు వచ్చిన రోజు రోహిణి కార్తె ఎండ. వడగాలికి పేపర్లు ఎగిరిపోకుండా రాళ్లు పెట్టి కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక పరకాల అవతలి పల్లె నుంచి ఒక పిల్లవాడు వచ్చాడు. కొత్త చొక్కా, తలకు నూనె, చేతిలో హాల్ టికెట్టు. పాసైనవాళ్ల లిస్టులో వాడి నంబరు లేదు. మళ్లీ చూడమన్నాడు, చూశాను. థర్డ్ క్లాసు వరుస వేలు పెట్టి తానే చూసుకున్నాడు. తరువాత ఏడవలేదు, పోలేదు. అరుగు చివర స్తంభానికి ఆనుకుని, జనం పలచబడేదాకా నిలబడి, అప్పుడు దగ్గరికి వచ్చాడు. పోయిన ఏడాది వాళ్ల ఊళ్లో ఎవరికో నా చిట్టీ వెళ్లిందట. "సార్, మా ఇంటికి చిట్టీ పంపకున్రి. నాలుగొద్దులు ఆగున్రి. మా నాయినకు నేనే చెప్త." గొంతు మామూలుగానే ఉంది. చేతిలో హాల్ టికెట్టు మాత్రం నలిగి గుడ్డపేలికలా అయింది. సరే పంపను, పో, అన్నాను.

సాయంత్రం చిట్టీలు రాస్తూ వాడి పేరు దగ్గరికి వచ్చాను. ఆ హడావిడిలో మరిచిపోయి రాశానని తరువాత బావకు చెప్పాను, అక్కకు చెప్పాను, కొన్నేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. కలం ఆగింది. పోయిన ఏడాది పరకాల వైపు నుంచి మన దగ్గర చేరినవాళ్లు తక్కువని పొద్దున బావ అన్న మాట గుర్తుకొచ్చింది. చిట్టీ చేతులు మారి చేరేసరికి ఎట్లాగూ నాలుగైదు రోజులు పడుతుంది కదా, ఈలోపల పిల్లవాడు చెప్పేసి ఉంటాడు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకుని, మిగతా వాటికంటే ఇంకా కుదురుగా రాశాను.

బస్టాండులో పరకాల బస్సు కిటికీ దగ్గర ఒక గాజుల తాత కనిపించాడు, ముసలి సాయిబు, గాజుల మలారం కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి పరకాలలో చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే నేరుగా ఆ పల్లెకే పోతున్నానన్నాడు. అంత తొందరగా చేరుతుందని తెలిసిన ఆ నిమిషంలో కూడా చిట్టీ వెనక్కి తీసుకోవచ్చు. నా చెయ్యి చాచే ఉంది, అతని చెయ్యి చాచే ఉంది. బస్సు కదిలింది.

నాలుగో రోజు పొద్దున అరుగు ముందు ఒక రైతు నిలబడి ఉన్నాడు. భుజం మీద బియ్యం మూట, చంకలో చాప, దుప్పటి. బావ లోపలినుంచి చూసి, కొత్త అడ్మిషన్ వచ్చిందని సంబరంగా రిజిస్టరు తీసుకుని బయటికి వచ్చాడు. ఆ మనిషి తలపాగా తీసి, మడతలు పడిన నా చిట్టీని బల్ల మీద పెట్టాడు. "మా పోరడు ఒట్టి చేతులతోటి వచ్చిండు సారు. బియ్యం, బట్టలు తీసుకరమ్మని మీరు రాసిన్రు గద, తెచ్చిన. జర పిలువున్రి."

బావ నావైపు చూశాడు. నేను చిట్టీవైపు చూశాను.

అతను చెప్పిన దాన్నిబట్టి జరిగింది ఇది. పిల్లవాడు ఇంటికి వెళ్లి పాసయ్యానని చెప్పాడు. తండ్రి సంతోషం పట్టలేక మర్నాడు పొద్దున ఊరి హోటల్లో అందరికీ చాయ్ చెప్పాడు, కొడుకును పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే గాజుల తాత బస్సు దిగి, తనకు చదువు రాదు కాబట్టి, ఇది ఎవలదో జర చదువున్రి అని చిట్టీ హోటల్లో ఇచ్చాడు. ఎవరో గొంతెత్తి మొత్తం చదివారు. ఒకరిద్దరు నవ్వారు. పిల్లవాడు లేచి బయటికి నడిచాడు. "నేను ఒక్క మాట అన్లే సారు. ఇంటికి పోయి, ఫెయిలైతే ఏమైతది బిడ్డా అని చెప్పుదామనుకున్న. ఇంటికి రాలే. బాయిలన్ని చూసినం. యాడ లేడు. గంతకే నాకు పానం కుదుటపడ్డది, చిట్టీల రమ్మన్నరు గద, మీ తాన్నే ఉండి ఉంటడని." ఇది చెప్పేటప్పుడు అతను నవ్వే ప్రయత్నం చేశాడు.

పిల్లవాడు మా దగ్గరికి రాలేదని చెప్పవలసింది బావ, చెప్పింది నేను. అతను నమ్మలేదు. గదుల్లోకి వెళ్లి బెంచీ బెంచీకి ముఖాలు చూసుకుంటూ పోయాడు. నేను పోగుచేసిన ముఖాలు, అన్నీ ఆ వయసువే. చివరి బెంచీ దాకా చూసి వచ్చి మూట పక్కన కూర్చున్నాడు. ఆ రోజంతా అతనితో కలిసి కాజీపేట స్టేషను, దవాఖాన, బస్టాండు తిరిగాం. పోలీసులు పేరు రాసుకున్నారు. సాయంత్రం అతను ఊరికి బయలుదేరుతూ మూటా చాపా మా దగ్గరే ఉంచి, వాడు వస్తే ఆకలితో ఉంటాడు, ముందు వండి పెట్టండి, తరువాత కబురు చేయండి అన్నాడు. అక్క ఆ మూటను వంటింటి అటక మీద పెట్టింది. పురుగు పట్టేదాకా అది అక్కడే ఉంది, పట్టిన తరువాత కూడా కొన్నాళ్లు దాన్ని ముట్టడానికి మాకెవరికీ ధైర్యం లేకపోయింది.

చిట్టీలు ఆపేశాం. నంబర్లు చూడడం మాత్రం బావ ఆపలేదు, మానేయమని నేను గట్టిగా అననూ లేదు. మరుసటి ఏడాది ఫలితాల రోజు ఆ తండ్రి మళ్లీ వచ్చాడు. పిల్లవాడు ఎక్కడ ఉన్నా పరీక్ష మళ్లీ రాసే ఉంటాడట, నంబరు చూసుకోవడానికి ఈ అరుగు దగ్గరికి రాక తప్పదట. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒక పక్కన నిలబడి వచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ చూశాడు. ఈసారి జనం బాగా వచ్చారని బావ మురిసిపోతూ ఉంటే, జనం ఎక్కువైనకొద్దీ ఆ మనిషి కళ్లల్లో ఆశ ఎక్కువ కావడం నేను బల్ల వెనకనుంచి చూస్తూ ఉన్నాను. ఆ పై ఏడాదీ వచ్చాడు. మూడో ఏడు వచ్చినప్పుడు బాగా చిక్కిపోయి ఉన్నాడు. వెళ్లబోతూ, అదివరకెప్పుడూ అడగనిది అడిగాడు. "ఆ రోజు నంబర్ చూసుకున్నంక మావోడు మీతోటి ఏమన్న అన్నడా సారు?"

ఏమీ అనలేదన్నాను.

అదే నేను చేసిన రెండో తప్పు, నాకు తెలిసి మొదటిదానికంటే పెద్దది. మొదటిది తెలివితక్కువ వయసు, మెప్పు మీద ఆశ అని ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చు. ఆ తండ్రి నా దగ్గర వెతికింది కొడుకు ఆఖరి మాట ఒక్కటే. మా నాయినకు నేనే చెప్త అని వాడు అన్నాడని చెబితే, వాడు తన దగ్గరికే రావాలనుకున్నాడనీ, తనకు భయపడి పారిపోలేదనీ ఆ మనిషికి తెలిసేది. కానీ ఆ మాట చెబితే, మరి చిట్టీ ఎందుకు పంపావు అన్న ప్రశ్న వస్తుంది. దానికి జడిసి, వాళ్ల సొత్తును నా దగ్గరే దాచుకున్నాను. నాలుగో ఏడు అతను రాలేదు. కొడుకు దొరికాడో, తానే పోయాడో తెలియదు. ఆ పిల్లవాడు నిజంగా రైలెక్కాడో, లేక ఎవరూ చూడని బావి ఒకటి మిగిలిపోయిందో అదీ తెలియదు.

ఇప్పుడు పిల్లలు నంబరు చూసుకోవడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. గదిలో ఒక మూల కూర్చుని ఫోన్లో చూసుకుంటారు, ఆ నిమిషంలో పక్కన ఎవరూ ఉండరు, ఇంకో నిమిషానికి ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్లు చేసి ఓదార్చి చేరమంటారు. హోటల్లో గొంతెత్తి చదివేవాడు లేడు, అది నయమే. నాలుగు రోజులు ఆగమని బతిమాలుకోవడానికి బల్ల వెనక మనిషి కూడా లేడు. మా అక్క కూతురికి నేను ఆ నాలుగు మాటలు రాసివ్వలేదు, కళ్లు కనిపించడం లేదని చెప్పాను. ఆ పిల్ల నొచ్చుకుని వెళ్లిపోయింది. పరకాల రోడ్డు ఇప్పుడు వెడల్పు అయింది, ఆ పల్లె మీదుగా గంటకొక బస్సు పోతుంది, ఎక్కితే మధ్యాహ్నానికి తిరిగి ఇల్లు చేరొచ్చు. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు.